పదిహేను మిల్లీమీటర్ల గొడవ: ప్యూజో 205 జీటీఐ, 1.6 మేలా 1.9 మేలా

(ఆ ఆదివారం రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? మైకు కొంచెం గరగరలాడుతోంది, పర్లేదు, ఇరవై ఏళ్ళుగా ఇంజన్లు పరీక్షించే గదుల పక్కన పనిచేస్తున్నవాణ్ణి, మైకు లేకపోయినా నా గొంతు సరిపోతుంది.

లోపలికి వచ్చేటప్పుడు పార్కింగులో రెండు పాత కార్లు చూసే ఉంటారు. ఎర్రది నాది. తెల్లది మా స్నేహితుడిది, ఇవాళ్టికి బతిమాలి తెచ్చాను, దాని మీద గీత పడిందంటే నన్ను ఊళ్ళో ఉండనివ్వడు, కాబట్టి పిల్లల్ని ఆ పక్కన బంతి ఆడనివ్వకండి. ఇందాక ఒక బాబు, ఎనిమిదేళ్ళుంటాయేమో, రెండింటి చుట్టూ తిరిగి వచ్చి "అంకుల్, రెండూ ఒకటే కదా, రెండెందుకు తెచ్చారు?" అన్నాడు. ఇవాళ నేను చెప్పబోయేదంతా వాడి ప్రశ్నకి జవాబే.

రెండూ ప్యూజో 205 జీటీఐలే. వెనక కిటికీ దగ్గర నల్ల ప్లాస్టిక్ ముక్క మీద నా ఎర్రదానికి 1.6 అని ఉంటుంది, తెల్లదానికి 1.9 అని ఉంటుంది, అంటే ఇంజను ఎన్ని లీటర్లదో ఆ అంకె. ఆ అంకె మీద ఫ్రాన్సులోనూ ఇక్కడ ఇంగ్లండులోనూ కార్ల పిచ్చోళ్ళు దాదాపు నలభై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. ఎలా కొట్టుకుంటున్నారంటే, మన నాన్నల కాలంలో ఎన్టీఆర్ అభిమానులూ ఏఎన్నార్ అభిమానులూ టీకొట్టు దగ్గర కొట్టుకున్నట్టు. తేలదు. తేలకూడదు కూడా. అయినా నేనివాళ నా ఓటు ఎవరికో చెప్పే వెళ్తాను.

ముందు ఒక మాట. ఫ్రెంచివాళ్ళు దీన్ని "పెజో"కి దగ్గరగా పలుకుతారు. మనం ప్యూజో అనే అందాం, ఎందుకంటే మనకి ఈ పేరు కొత్తది కాదు. మన ఊళ్ళలో మహీంద్రా జీపు కొనేవాళ్ళు "ప్యూజో ఇంజనేనా?" అని అడిగేవాళ్ళు, గుర్తుందా పెద్దవాళ్ళకి? ఆ డీజిల్ ఇంజను వీళ్ళదే. తర్వాత 1990ల్లో ప్రీమియర్ వాళ్ళతో కలిసి ముంబై దగ్గర కల్యాణ్‌లో 309 అనే కారు చేశారు. మా బాబాయికి బెజవాడలో తెల్ల డీజిల్ 309 ఉండేది. ఆ 309 ఏమిటనుకున్నారు? 205 అడుగు భాగాన్నే సాగదీసి కట్టిన కారు, తలుపులు కూడా 205 నుంచి తీసుకున్నవే. నేను ఈ దేశం వచ్చాక మొదటిసారి ఒక 205 తలుపు తీసి వేసినప్పుడు ఆ "టప్" అనే పల్చటి చప్పుడు విని నవ్వొచ్చింది, అది బెజవాడలో మా బాబాయి కారు చప్పుడే. ఇంకో సంగతి, ఆ 309నే మనం కూర్చున్న ఈ కొవెంట్రీ పక్కన రైటన్ ఫ్యాక్టరీలో 1985 నుంచి చేశారు. 2006 ఆఖరుతో ఆ ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయింది. మీలో కొందరు ఇళ్ళు కొనుక్కున్నది ఆ చుట్టుపక్కలే.

సరే, అసలు కారుకి వద్దాం. 1970ల్లో ప్యూజో కంపెనీ సిట్రోయెన్‌ని తీసుకుంది, ఆ తర్వాత 1978లో క్రైస్లర్ వాళ్ళ యూరప్ వ్యాపారాన్ని కూడా తీసుకుంది, రెండూ కలిసి మెడకు గుదిబండలైపోయాయి. 1980ల మొదట్లో నష్టాలే నష్టాలు. అప్పుడు 1983లో 205 వచ్చింది. చిన్న కారు, పొడవు 3.7 మీటర్లు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.42 మీటర్లు. 2005లో మన దగ్గర వచ్చిన మొదటి స్విఫ్ట్ గుర్తుందా, దాదాపు అంతే సైజు. బయటి రూపం ప్యూజో సొంత డిజైనర్ జెరార్ వెల్టేర్ బృందం గీసింది. 1998 దాకా యాభై రెండు లక్షలకు పైగా చేశారు. కంపెనీని బతికించిన కారు ఇదే అని ఫ్రాన్సులో ఎవర్నడిగినా చెప్తారు.

ఇంటి కారులో కాస్త పెద్ద ఇంజను పెట్టి, స్ప్రింగులు గట్టివి వేసి, అంచులకి ఒక ఎర్ర గీత పెట్టి అమ్మే పద్ధతిని 1976లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ పాపులర్ చేసింది. ప్యూజో 1984లో 205 జీటీఐ తెచ్చింది. అప్పటికే ఇంకోపక్క 205 టర్బో 16 అని ర్యాలీల కోసం ఒక రాక్షసిని తయారుచేస్తున్నారు, చూడ్డానికి 205, లోపల ఇంజను సీట్ల వెనక, నాలుగు చక్రాలకీ పవర్. 1985లో టిమో సలోనెన్, 1986లో యుహా కాంక్కునెన్, వరసగా రెండేళ్ళు ప్రపంచ ర్యాలీ చాంపియన్లు, రెండూ ఆ కారులోనే. ఆ జట్టు మేనేజరు జాన్ టోడ్, తర్వాత ఫెరారీ వెళ్ళి షూమాకర్‌తో గెలిచిన ఆయనే. మరి ఆ కారుకీ షోరూములో జీటీఐకీ ఏమిటి సంబంధం? పేరూ, మొహమూ, అంతే. కానీ ఆదివారం టీవీలో మొహం గెలిస్తే సోమవారం షోరూములో మొహం అమ్ముడుపోతుంది, అది మనకెవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ రెండు గ్లాసులు చూడండి. వంటింట్లోంచి అడిగి తెచ్చాను, మళ్ళీ ఇచ్చేస్తానమ్మా. రెండూ స్టీలు గ్లాసులే, మూతి వెడల్పు రెండింటికీ ఒకటే, కానీ ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. 1.6కీ 1.9కీ తేడా ఏమిటంటే ఇదే. నిజంగా ఇదే.

ఇంజన్లో పిస్టన్ వెడల్పుని బోర్ అంటారు, అది పైకీ కిందకీ తిరిగే దూరాన్ని స్ట్రోక్ అంటారు. రెండు కార్లలోనూ బోర్ 83 మిల్లీమీటర్లు, అంటే సుమారు మనం పొద్దున తిన్న ఇడ్లీ అంత. 1.6లో ఆ ఇడ్లీ 73 మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది. 1.9లో 88. నాలుగు సిలిండర్లకి లెక్క వేసుకోండి, 1580 సీసీ, 1905 సీసీ. తేడా పదిహేను మిల్లీమీటర్లు. నా చూపుడు వేలు అడ్డంగా పెడితే దానికంటే కాస్త ఎక్కువ.

ఈ పదిహేను మిల్లీమీటర్లతో ఇంజను స్వభావమే ఎందుకు మారిపోతుంది? సైకిలు తొక్కారు కదా అందరూ. పెడలు కడ్డీ పొడుగ్గా ఉన్న సైకిలు ఊహించుకోండి. గట్టు ఎక్కేటప్పుడు హాయిగా ఉంటుంది, ఒక్క తొక్కుకి బండి ముందుకు పోతుంది. కానీ పల్లంలో గబగబా తొక్కాలంటే కాళ్ళు పెద్ద చుట్టు తిరగాలి, మోకాళ్ళు గడ్డానికి కొట్టుకుంటాయి. కడ్డీ పొట్టిగా ఉన్న సైకిలుకి గట్టు కష్టం, కానీ కాళ్ళు గిరగిర తిరుగుతాయి. 1.9 పొడుగు కడ్డీ సైకిలు. 1.6 పొట్టి కడ్డీ సైకిలు.

లెక్కలు కావాలనేవాళ్ళ కోసం, ఇంజనీర్లు ఎక్కువే ఉన్నారు కాబట్టి చెప్తున్నాను, మిగతావాళ్ళు ఒక్క నిమిషం ఓర్చుకోండి. 1.6 మొదట 105 హార్స్‌పవర్‌తో వచ్చింది, 1986లో వాల్వులు పెద్దవి చేసి 115కి పెంచారు, అది 6250 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజను నిమిషానికి 6250 చుట్లు తిరిగేటప్పుడు వస్తుంది. అదే 1986 ఆఖర్లో 1.9 వచ్చింది, 130 హార్స్‌పవర్, 6000 దగ్గర. తర్వాత పొగ గొట్టంలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టాల్సి వచ్చి అది 122కి పడింది. టార్క్, అంటే ఇంజను తిప్పే బలం, చూస్తే 1.6కి 134 న్యూటన్ మీటర్లు, 1.9కి 160 పైన. గుర్రాల్లో తేడా పదమూడు శాతం, టార్క్‌లో తేడా ఇరవై దాకా. ఆ రెండో అంకే అసలు కథ. ఇక పిస్టన్ వేగం, గుర్రాలన్నీ బయటికొచ్చే ఆ ఆర్‌పీఎం దగ్గర, 1.6లో సెకనుకి సగటున 15 మీటర్లు, 1.9లో పదిహేడున్నర. తక్కువసార్లు తిరుగుతూ కూడా ఎక్కువ పరుగెత్తుతోంది పాపం. అందుకే 1.9 చివరి వెయ్యి ఆర్‌పీఎంలో కాస్త కటువుగా, ఇక చాలు గేరు మార్చు అన్నట్టు మోగుతుంది. 1.6 అక్కడికొచ్చేసరికి ఇంకా పాడుతూనే ఉంటుంది.

సున్నా నుంచి వందకి? అడుగుతారని తెలుసు. 115 గుర్రాల 1.6కి తొమ్మిది సెకన్ల చుట్టుపక్కల, 1.9కి ఎనిమిది చుట్టుపక్కల. టాప్ స్పీడు 1.6 రెండొందలకి కాస్త తక్కువలో ఆగుతుంది, 1.9 రెండొందలు దాటుతుంది. మీ ఎలక్ట్రిక్ కార్లు దీన్ని చూసి నవ్వుతాయి. నవ్వనివ్వండి. ఈ కారు బరువు తొమ్మిది వందల కిలోలకి అటూ ఇటూ, మీ ఎలక్ట్రిక్ కారుది అందులో ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో ఉంటుంది.

గేర్ల సంగతి. టార్క్ ఎక్కువ ఉంది కదా అని 1.9కి గేరింగ్ పొడుగ్గా పెట్టారు. మోటర్‌వే మీద ఐదో గేరులో 1.9 కాస్త నిదానంగా తిరుగుతుంది, 1.6 మాత్రం గోల చేస్తుంది. ఇక్కణ్ణుంచి ఎడిన్‌బరోకి నా కారులో వెళ్తే మా ఆవిడ దారిలో ఏమీ మాట్లాడదు. కోపం కాదు, మాట్లాడినా వినపడదు.

బ్రేకులు, టైర్లు. ముందు రెండింటికీ గాలి ఆడే డిస్కులే. వెనక 1.6కి డ్రమ్ములు, 1.9కి డిస్కులు. చక్రాలు 1.6కి 14 అంగుళాలు, టైరు 185/60. 1.9కి స్పీడ్‌లైన్ అనే కంపెనీ చేసిన 15 అంగుళాల చక్రాలు, టైరు 185/55. ఇందులో మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో. అంటే రోడ్డుకి తగిలే వెడల్పు రెండింటికీ ఒకటే. ఇక్కడ చాలామంది పొరబడతారు, 1.9 టైర్లు వెడల్పు అనుకుంటారు, కాదు. తేడా పక్క గోడల ఎత్తులో. 1.6 టైరు గోడ 111 మిల్లీమీటర్లు, 1.9ది 102కి కాస్త తక్కువ. తొమ్మిది మిల్లీమీటర్ల రబ్బరు తగ్గింది. ఏముంది తొమ్మిది మిల్లీమీటర్లే కదా అంటారా? ఆ రబ్బరే మలుపులో కొంచెం వంగి, ఇదిగో జారబోతున్నాను అని ముందే చెప్పేది. 1.9 స్టీరింగ్ తిప్పిన మరుక్షణం తిరుగుతుంది, చాలా బాగుంటుంది, కానీ ఆ కబురు ఆలస్యంగా చెప్తుంది.

లోపల 1.9కి సగం తోలు సీట్లు, 1.6కి గుడ్డ సీట్లు. నా కారులో నేల మీద ఎర్ర కార్పెట్, ఎండకి వెలిసి ఇప్పుడు టమాటా పచ్చడి రంగుకి వచ్చింది. ఇంతే, సీట్ల గురించి ఇంకేం చెప్పను.

ఇప్పుడు కాగితం పక్కన పెట్టి రోడ్డు మీదకి రండి.

ఈ కార్లు పుట్టింది ఫ్రాన్సులో తూర్పు వైపు, మ్యులూజ్ ఫ్యాక్టరీలో. అక్కణ్ణుంచి అరగంట వెళ్తే వోజ్ కొండలు. ఆ కొండల శిఖరాల వెంట ఒక రోడ్డుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యానికి సామాన్లు చేరవేయడానికి వేసిన రోడ్డు, సెర్నే ఊరి దగ్గర మొదలై అడవిలోంచి మెలికలు తిరుగుతూ గ్రాండ్ బాలోన్ అనే శిఖరం దాకా ఎక్కుతుంది. శిఖరం ఎత్తు 1424 మీటర్లు. మన తిరుమల ఘాట్ రోడ్డు గుర్తొస్తుంది, కాకపోతే హెయిర్‌పిన్ దగ్గర గోవింద నామాల బదులు సైకిళ్ళవాళ్ళు ఉంటారు. నేనూ ఒక ఫ్రెంచి స్నేహితుడూ, నాది ఈ ఎర్ర 1.6, అతనిది 1.9, ఒక సెప్టెంబరు పొద్దున్నే బయల్దేరాం. ముందు ఎవరి కారులో వాళ్ళం ఎక్కాలి, పైన తాళాలు మార్చుకుని ఒకరి కారులో ఒకరం దిగాలి.

ఎక్కేటప్పుడు అతను నన్ను ఆడుకున్నాడు. ఒప్పుకుంటున్నాను. మలుపు దాటగానే 1.9 మూడో గేరులోనే ఉండి, కాలు అలా ఆనిస్తే చాలు, వెళ్ళిపోతోంది. నేను రెండు, మూడు, మళ్ళీ రెండు, చెయ్యి గేరు రాడ్ మీద నుంచి తీస్తే ఒట్టు. ఒక పొడుగాటి చడావు దగ్గర నా ఇంజను ఐదు వేల పైన అరుస్తోంది, ముందు ఆయన అద్దంలో చూసి చెయ్యి ఊపుతున్నాడు. అంత మంట ఎప్పుడూ పుట్టలేదు నాకు.

పైన కాఫీ తాగి తాళాలు మార్చుకున్నాం. దిగేటప్పుడు నేను 1.9లో ఉన్నాను, అది అప్పటికే నాకు తెలిసిన కారు, ఆ కథ ఇప్పుడే చెప్తాను. అయిదు నిమిషాలకి గమనించిందేమిటంటే, నేను ప్రతి మలుపు ముందూ అనుకున్నదానికంటే స్పీడుగా వచ్చేస్తున్నాను. స్పీడోమీటర్ చూస్తే గానీ తెలియడం లేదు. ఎందుకు? ఇంజను కష్టపడటం లేదు కాబట్టి. 1.6 అయితే స్పీడు పెరిగే కొద్దీ గొంతు పెంచుతుంది, చెవులకి తెలిసిపోతుంది, కాలు దానంతటదే తగ్గుతుంది. 1.9 నిశ్శబ్దంగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మలుపు ముందు నిలబెట్టి, ఇక నీ ఇష్టం అంటుంది. కింద సెర్నేలో ఆగాక నా స్నేహితుడు నా కారులోంచి దిగి, తాళం ఇవ్వకుండా జేబులో వేసుకుని, మళ్ళీ ఒకసారి పైకి వెళ్దామా అన్నాడు. నా కారులోనే!

ఇప్పుడు ఆ కథ. నేను మొదట కొన్నది 1.9. ఎందుకు? పెద్ద అంకె కాబట్టి, ఇంకేముంది. వచ్చిన కొత్తలో, చేతిలో జీతం, నెత్తి మీద పెద్దవాళ్ళు లేరు. నాలుగేళ్ళు నడిపాను. ఒక అక్టోబరు సాయంత్రం, సన్నటి తుంపర, రోడ్డు మీద ఆకులు, రౌండబౌట్‌లోకి కొంచెం ఎక్కువ స్పీడుతో దూరాను. మధ్యలో భయమేసింది. భయమేస్తే మనిషి ఏం చేస్తాడు? యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాడు. తీశాను. ఈ కారులో చేయకూడని పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఏమవుతుందో చెప్తాను, ఇది బాగా వినండి. ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్తుంటే డ్రైవరు బ్రేకు వేశాడనుకోండి, అందరం ముందుకు పడతాం కదా. కారు బరువు కూడా అంతే, కాలు తీయగానే ముందుకు పడుతుంది. ముందు టైర్ల మీద బరువు పెరిగి అవి రోడ్డుని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. వెనక టైర్ల మీద బరువు తగ్గి అవి తేలికైపోతాయి. కారు అప్పటికే తిరుగుతోంది, ముక్కు గట్టిగా పట్టింది, తోక వదిలేసింది. ఇంకేముంది, తోక ముందుకొస్తుంది. పైగా ఈ కారు పొట్టి, ముందు వెనక చక్రాల మధ్య దూరం తక్కువ, కాబట్టి అది చాలా త్వరగా వస్తుంది. దీన్ని తెలిసి, కావాలని, కొంచెం కొంచెం చేస్తే కారు మలుపులోకి బొంగరంలా ముద్దుగా తిరుగుతుంది, 205కి అంత పేరు రావడానికి అదొక కారణం. తెలియక, భయంతో, ఒక్కసారిగా చేస్తే నాలాగా అవుతుంది. కళ్ళు తెరిచేసరికి నేను వచ్చిన దారివైపే తిరిగి ఉన్నాను, ఎదురుగా ఒక లారీ, దాని డ్రైవరు స్టీరింగ్ మీద గడ్డం ఆనించి నన్నే చూస్తున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

కారు తప్పేం లేదు. తప్పు నాది. కానీ ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే అర్థమైంది, నేను ఆ కారుని నడపడం లేదు, అది నన్ను మోసుకెళ్తోంది. నాలుగేళ్ళుగా దాని ఇంజన్లో పై సగం నేను వాడిందే లేదు, అవసరం రాలేదు. ఇంకో ఏడాదికి దాన్ని అమ్మి ఈ 1.6 కొన్నాను. స్నేహితులందరూ వెనక్కి వెళ్ళాడన్నారు.

వెనక్కి వెళ్ళానా? ఈ దేశంలో పల్లెటూరి రోడ్డు మీద స్పీడు లిమిట్ గంటకు 60 మైళ్ళు. 1.6ని రెండో గేరులో చివరిదాకా తిప్పి, ఇంజన్లో ఉన్నదంతా వాడుకుని కూడా ఆ లిమిట్ దరిదాపుల్లోనే ఉండచ్చు. 1.9లో అదే పని చేస్తే లైసెన్సు మీద పాయింట్లు పడతాయి. నాకు చేతిలో ఉన్న నూరు రూపాయలూ ఖర్చుపెట్టుకునే సంత కావాలి గానీ, రెండొందలు జేబులో పెట్టుకుని యాభైకి కొని వచ్చే సంత వద్దు.

అలాగని 1.9ని తక్కువ చేయను. నలుగురు ఎక్కి, డిక్కీ నింపి, వేల్స్ కొండలకి వెళ్ళాలంటే అదే కారు. మోటర్‌వే మీద ఓవర్‌టేక్ చేయాలంటే అదే కారు. మళ్ళీ మళ్ళీ గట్టిగా బ్రేకు వేసే రేస్ ట్రాక్ మీద వెనక డిస్కులున్నదే కావాలి. ధర కూడా సాధారణంగా దానిదే ఎక్కువ, పెద్ద అంకె మీద మోజు నా ఒక్కడికే కాదుగా. ఇక్కడ 1990 ప్రాంతాల్లో ఇలాంటి కార్లని దొంగలు ఎంతగా ఎత్తుకెళ్ళేవాళ్ళంటే ఇన్సూరెన్సు ప్రీమియం కుర్రాళ్ళకి అందనంత పెరిగిపోయింది, ఈ రకం కార్ల అమ్మకాలకి అదే పెద్ద దెబ్బ. ఆ తర్వాత 1992లో 1.6 ఆగిపోయింది, 1.9 ఇంకో రెండేళ్ళు నడిచింది.

కొనాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. కారు వెనక పది అడుగుల దూరంలో గొంతుక్కూర్చుని వెనక చక్రాలు చూడండి. పై అంచులు లోపలికి వాలి, కింది అంచులు బయటికి తన్నినట్టుంటే, లేచి ఇంటికి వెళ్ళిపోండి, లేదా ధర బాగా తగ్గించమనండి. వెనక చక్రాల్ని మోసే చేతులు సూది బేరింగుల మీద తిరుగుతాయి. సీళ్ళు పోయి నీళ్ళు దిగితే ఆ బేరింగులు తుప్పుపట్టి, అవి కూర్చునే గొట్టాన్ని కూడా కొరికేస్తాయి. 1.6 అయినా 1.9 అయినా ఒకటే జబ్బు, ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. రెండోది, బ్యాడ్జి నమ్మకండి. 1.9 బ్యాడ్జి అంటించి, స్పీడ్‌లైన్ చక్రాలు బిగించిన 1.6లు ఉన్నాయి. చక్రం కంతల్లోంచి వెనక బ్రేకు చూడండి, డ్రమ్ము కనపడితే అమ్మేవాడి మొహం చూడండి. అసలు ఇంజన్లే మార్చినవీ ఉన్నాయి, రెండు ఇంజన్లూ ఒకే కుటుంబం కాబట్టి 1.6లో 1.9 ఇంజను కూర్చుంటుంది. 405 ఎంఐ16 నుంచి పదహారు వాల్వుల ఇంజను తీసుకొచ్చి పెట్టిన మహానుభావులూ ఉన్నారు, 160 గుర్రాలు, ఆ బరువుకి. వాటి గురించి నన్నడగొద్దు, మా ఆవిడ ఇక్కడే ఉంది.

ప్రశ్న ఏమిటమ్మా? రెనో 5 జీటీ టర్బోతో పోలిస్తే? అది వేరే మతం, అందులోకి దింపకండి నన్ను. ఇంకొకరు 205 ర్యాలీ గురించి అడుగుతున్నారు. 1988లో వచ్చింది, 1.3 లీటర్ల ఇంజను, 103 గుర్రాలు, బరువు ఎనిమిది వందల కిలోల లోపు, కార్పెట్లూ హంగులూ అన్నీ పీకేసిన కారు. తమ్ముడూ, నువ్వు నా వాదనని నాకంటే ముందుకు తీసుకెళ్తున్నావు. 1.9 కంటే 1.6 మేలైతే, 1.6 కంటే అది మేలా? నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను ఒకే ఒక్కసారి నడిపాను, పావుగంట, ఆ పావుగంట నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

సరే, మాటలు చాలు. బయట వాన లేదు, కాస్త ఎండ కూడా ఉంది. ఒకరి తర్వాత ఒకరిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని చుట్టూ తిప్పుకొస్తాను, ముందు 1.6లో, తర్వాత తెల్లదాంట్లో. ఆ వరసలోనే, మార్చమని అడక్కండి. ముందు 1.9 ఎక్కితే ఆ పికప్ అలవాటై 1.6 మొదటి అయిదు నిమిషాలూ చప్పగా అనిపిస్తుంది, అయిదు నిమిషాల్లోనే మనం తిరిగొచ్చేస్తాం. ప్రశ్న అడిగిన బాబు ఎక్కడ? వాడే ముందు. వాళ్ళమ్మగారూ, సీటు బెల్టు నేను పెడతాను, మీరు ఆ గ్లాసులు వంటింట్లో ఇచ్చెయ్యండి.